లైన్లో ఉన్నవాళ్ళు

నెలలో రెండో బుధవారం వచ్చిందంటే, మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి నా చెయ్యి దానంతటదే లాప్‌టాప్ మూత మీదికి పోతుంది. సభ లేదని తెలుసు. ఎత్తేసి చాలా రోజులైందనీ తెలుసు. అయినా పోతుంది. మూత ఎత్తితే తెర మీద నా ముసలి మొహమే కనిపిస్తుంది. చిరాకూ బెంగా రెండూ ఒకేసారి వస్తాయి.

మా నార్త్ డకోటాలో మనుషులకంటే ఆవులెక్కువ, ఆవులకంటే గాలి ఎక్కువ. మా హాల్వర్ ఊళ్ళో పక్కింటికి వెళ్ళాలన్నా కారు తియ్యాల్సిందే. కోవిడ్ ఏడాది జనం ఒకచోట చేరే వీల్లేక రాజధాని వాళ్ళు ఈ ఆన్‌లైన్ ఆరోగ్య సభ మొదలుపెట్టారు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కంప్యూటర్లోనో, ఫోన్లోనో కలుస్తారు. ముందు ఓ డాక్టరు కాసేపు మాట్లాడతాడు. బావి నీళ్ళ గురించో, షుగరు గురించో, ముసలాళ్ళు మంచు మీద జారిపడ్డం గురించో. ఆ తర్వాత చర్చ. నేను కౌంటీ నర్సుగా, అంటే జిల్లా నర్సులాగా, తిరిగి తిరిగి రిటైరైనదాన్ని. "జనానికి మీరంటే గురి కదా ఆర్డిత్ గారూ, మీరే నడపండి" అని ఆ పని తెచ్చి నా నెత్తిన పెట్టారు.

చర్చ అన్నది పేరుకే. చర్చించిన పాపాన ఎవరూ పోలేదు. తెర మీద మొహాలు కూడా ఉండవు. అన్నీ నల్లటి గళ్ళు, గడికో ఫోన్ నంబరు. "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అంటాను. ఎవరింట్లోనో గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంది. ఎవరింట్లోనో గిన్నె మూత కింద పడుతుంది. అంతే. ఇక నేనే ఓ ప్రశ్న అడిగి, డాక్టరు చేత జవాబు చెప్పించి, నేనే థాంక్సు చెప్పి ముగించేదాన్ని. పెళ్ళికొడుకూ నేనే, పురోహితుడూ నేనే అన్నట్టుండేది.

రాజధానిలో ఈ సభల వ్యవహారం చూసే కెల్లెన్ మంచివాడు. మర్యాదస్తుడు. కానీ పట్నంలో పెరిగినవాడు.

"ఆర్డిత్ గారూ, అసలు వీళ్ళు ఉన్నారంటారా? ఫోన్ కలిపేసి బల్ల మీద పడేసి పనులకి పోతున్నారేమో" అని అడిగాడొకసారి.

"ఉన్నారు నాయనా. నోరు మెదపరంతే."

"ఎందుకని మెదపరు?"

ఎందుకో ఆ పిల్లాడికి చెప్పడం నా వల్ల కాలేదు. ఎల్డన్ సంగతి చెప్పినా నమ్మేవాడు కాదు.

ఎల్డన్ మా ఊరి బ్రహ్మచారి. గొంతు ఇక్కడ తెరిస్తే పక్క కౌంటీలో వినపడుతుంది. బావి నీళ్ళ సభ అయిన వారం, సహకార సంఘం కొట్లో మేకులు ఏరుకుంటూ కనిపించాడు. "ఆర్డిత్, బావి నీళ్ళు పరీక్ష చేయించాలటగా? ఎవరో అంటుంటే విన్నా" అన్నాడు.

"ఎవరన్నారు ఎల్డన్?"

"ఎవరో."

"నేనేగా అన్నది, సభలో."

"అలాగా? నువ్వెప్పుడన్నావు?" అన్నాడు. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడిపోయాడు. ఆ రోజు కొట్లో నీళ్ళ పరీక్ష సీసాలు ఒక్కటి కూడా మిగల్లేదు. ఊరంతా కొనుక్కుపోయింది. అడిగితే అందరిదీ ఒకటే మాట, ఎవరో అంటుంటే విన్నామని.

ఇది ఉమ్మడి లైను నాటి అలవాటు. నా చిన్నప్పుడు మా రోడ్డు పొడుగునా ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే టెలిఫోన్ తీగ. ఇంటికో రకం రింగు. మాది రెండు పొడుగు, ఒకటి పొట్టి. ఎవరికి ఫోనొచ్చినా అందరిళ్ళలో మోగుతుంది. మనది కాదని తెలిసి కూడా అందరూ మెల్లిగా ఎత్తి చెవికి పెట్టుకునేవాళ్ళు. శీతాకాలం అంతా మాకు అదే సినిమా, అదే పేపరు. ఎంతమంది ఎత్తితే తీగలో గొంతు అంత సన్నబడిపోయేది. అప్పుడు మా అమ్మ నిష్ఠూరమేమీ లేకుండా, "ఎవరైనా ఇద్దరు ముగ్గురు పెట్టేయండమ్మా, మా అక్క గొంతు అందట్లేదు" అనేది. టక్కు, టక్కుమని రెండు మూడు ఇళ్ళవాళ్ళు పెట్టేసేవాళ్ళు. ఎవరు పెట్టారని అమ్మ ఏనాడూ అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

మా మర్యాద అది. వినడం తప్పు కాదు. విన్నానని ఒప్పుకోవడం తప్పు. ఇంకొకళ్ళ మాటల మధ్యలో నోరు పెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఆ మర్యాదలో పెరిగిన జనాన్ని తెచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మాట్లాడమంటే ఎక్కడ మాట్లాడతారు? వాళ్ళ లెక్కలో ఆ సభ నాకూ డాక్టరుకీ మధ్య నడుస్తున్న ఫోను. వాళ్ళు ఎత్తి వింటున్నారంతే.

ఉమ్మడి లైను తీసేసి ఇంటికో లైను వేసిన రోజు నాకు బాగా గుర్తు. కొత్త ఫోను చెవికి పెట్టుకుని చాలాసేపు నిలబడింది మా అమ్మ. "ఇందులో ఎవరూ లేరే" అంది. తల్చుకుంటే ఇప్పటికీ నా కళ్ళు తడుస్తాయి.

ఇక వెర్డెల్ విషయానికొస్తాను. అసలు చెప్పాల్సింది అతని గురించే.

వెర్డెల్‌వాళ్ళ పొలం మా పొలానికి ఉత్తరాన. అతని భార్య ఐలీన్ స్కూలు బస్సు నడిపేది. ఊళ్ళో నలభై దాటిన ప్రతివాడూ ఆ బస్సులో ఐలీన్ చేత తిట్లు తిన్నవాడే. పిల్లల్లేరు గనక ఊళ్ళో పిల్లలందర్నీ తిట్టే హక్కు తనకుందని అనేది. నవంబర్లో పోయింది. సమాధి తవ్వడానికి వీల్లేకుండా నేల గడ్డకట్టి, యంత్రం తెప్పించాల్సొచ్చింది. వెర్డెల్ కన్నీటి చుక్క రాల్చలేదు. వచ్చినవాళ్ళ కార్లకి దారి శుభ్రం చేస్తూ పార పట్టుకుని నిలబడ్డాడు.

క్రిస్మస్ అయ్యాక ఆవుల్ని అమ్మేశాడు. చూడి ఆవుల్ని, దూడలేసే కాలం ముంగిట్లో. మా వైపు రైతు అప్పులపాలైనా అలాంటి పని చెయ్యడు. వెర్డెల్‌కి అప్పుల్లేవు. ఆ తర్వాత పనిముట్లు ఎల్డన్‌కి ఇచ్చేశాడు. "నాకవసరం లేదులే" అన్నాడట. మా ఇంటికి ఐలీన్ ఊరగాయల సీసాలు తెచ్చాడు. అన్నీ కడిగి, తుడిచి, పాత పేపర్లో చుట్టి తెచ్చాడు. "నీకు పనికొస్తాయి ఆర్డిత్" అన్నాడు. మనుషులు ఇల్లు సర్దుకుంటున్నారంటే రెండే కారణాలు. వెర్డెల్ ఎక్కడికీ ఊరెళ్ళట్లేదు.

మర్నాడే వాళ్ళింటికి వెళ్ళాను. కాఫీ పోశాడు.

"ఎలా ఉన్నావు వెర్డెల్?"

"అంత చెడ్డగా ఏం లేదు."

మా వాళ్ళందరి జవాబూ ఇదే. పంట విరగపండినా ఇదే, ఇల్లు తగలబడినా ఇదే. అందుకని నర్సుగా నేర్చుకున్నట్టు సూటిగానే అడిగాను. "వెర్డెల్, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

కిటికీలోంచి బయటికి చూశాడు. చూడ్డానికి బయట ఏముంది? మంచు తప్ప. "కాఫీ చల్లారిపోతోంది" అన్నాడు.

డాక్టరు దగ్గరికి రమ్మన్నాను. ఆస్పత్రి గంట ప్రయాణం. రోడ్డు బాగాలేదన్నాడు. రోడ్డు బాగయ్యాక రమ్మంటే, చూద్దామన్నాడు. పాస్టర్ని పంపితే వాతావరణం గురించి మాట్లాడి సాగనంపాడు. రోజూ ఫోను చేసేదాన్ని. ఎత్తడు. ఏం చెయ్యాలో తోచక నాకు అన్నం సహించేది కాదు. నా చేతుల్లోంచి మనిషి జారిపోతున్నాడు, పట్టుకోవడానికి అతను చెయ్యివ్వట్లేదు.

విచిత్రమేమిటంటే, ఫోను ఎత్తని ఆ మనిషి సభకి మాత్రం వచ్చేవాడు. ఫిబ్రవరి సభలో నల్ల గళ్ళ మధ్య అతని నంబరు చూశాను. అతని పాత ఫోనుకి నోరు మూసే మీట లేదు. వాళ్ళ వంటింటి ఫ్రిజ్ మూలుగు సభంతా వినపడింది. డాక్టరు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్తున్నాడు. నేను మాత్రం ఆ ఫ్రిజ్ మూలుగే వింటూ కూర్చున్నాను. ఆ మూలుగున్నంతసేపూ వెర్డెల్ ఉన్నట్టే.

మార్చి మొదట్లో కెల్లెన్ ఫోన్ చేశాడు.

"ఆర్డిత్ గారూ, ఓ మాట చెప్పాలి, ఏమనుకోకండి. ఈ నెల సభతో మీ కౌంటీది ఆపేద్దామనుకుంటున్నారు. ఇన్నేళ్ళలో ఒక్కరైనా మాట్లాడలేదు. పక్క కౌంటీతో కలిపేస్తారు."

"పక్క కౌంటీవాళ్ళతో కలిపితే మావాళ్ళు వినడం కూడా మానేస్తారు."

"వింటున్నారనడానికి ఏదైనా ఉంటే నేను పైవాళ్ళకి చెప్పగలను. ఒక్కరు మాట్లాడినా చాలు."

సభ పోతే పోయింది, దాని బాధ నాది. కానీ వెర్డెల్ చెవికి నేను చేరగలిగిన దారి అదొక్కటే. అదీ ఈ నెలతో మూసుకుపోతోంది.

ఆ రోజు పాత్రలు తోముతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. మా రోడ్డు చివర టిల్లీ అని ఓ విధవరాలు ఉండేది. మహా పౌరుషం మనిషి. ఓ శీతాకాలం ఆమె పొగగొట్టంలోంచి పొగ రావట్లేదని అమ్మ కనిపెట్టింది. బొగ్గు పంపిస్తే మొహాన కొడుతుంది. అమ్మ ఫోను తిప్పి, నా స్నేహితురాలు లవాన్‌వాళ్ళమ్మని పిలిచి, "చూశావా, మా ఆయన తెలివి! బొగ్గు రెండింతలు తెచ్చి పడేశాడు. షెడ్డు పట్టట్లేదు, మంచులో నానిపోతోంది. ఎవరైనా ఖాళీ ఉన్నవాళ్ళు పెట్టుకుంటే పుణ్యముంటుంది" అని గట్టిగా వాపోయింది. మర్నాడు టిల్లీయే వచ్చింది. "నా షెడ్డు ఖాళీగానే ఉంది. కావాలంటే కొంత పెట్టుకో" అని మాకే ఉపకారం చేస్తున్నట్టు చెప్పింది. అమ్మ ఆమెకి రెండుసార్లు థాంక్సు చెప్పింది.

ఎదురుగా చెప్తే వినని మనిషికి, పక్కవాళ్ళతో చెప్తూ వినిపించడం. మా అమ్మలందరికీ తెలిసిన విద్య అది.

తడి చేతులతోనే లవాన్‌కి ఫోన్ చేశాను. లవాన్ నా చిన్నప్పటి క్లాస్‌మేట్. ఊళ్ళో ఆడవాళ్ళకి జుట్టు కత్తిరిస్తుంది. దాని కత్తెర ఆగినా నోరాగదు.

"ఒసే, బుధవారం సభలో నువ్వూ నేనూ మాట్లాడుకోవాలి."

"ఏ సభ? నాకేం తెలుసు ఆ సభ గురించి?" అంది.

"అబ్బ! నీ కెటిల్ ఈల ప్రతి నెలా వింటున్నానే తల్లీ."

"సరే, దొరికిపోయాను. దేని గురించి మాట్లాడాలి?" అంది.

"ఐలీన్ గురించి."

"ఆరోగ్య సభలో ఐలీన్ గురించేమిటే?" అని, వెంటనే ఆగిపోయింది. లవాన్ వాగుడుకాయేగానీ తెలివితక్కువది కాదు. "వెర్డెల్ వింటాడా?" అని అడిగింది.

"వింటాడు."

"అయితే మాట్లాడదాం" అంది.

బుధవారం వచ్చింది. సభ అంశం ఒంటరితనం. డాక్టరమ్మ రాజధాని నుంచి మాట్లాడాలి. ముందు పదినిమిషాలు నాకిమ్మని కెల్లెన్‌ని అడిగితే, "చివరిదే కదండీ, మీ ఇష్టం" అన్నాడు. గళ్ళు ఒకటొకటే వెలిగాయి. ఎల్డన్ పికప్పు బండి ఇంజను, లవాన్ కెటిలు, ఎవరింట్లోనో కుక్క. వెర్డెల్ నంబరు రాలేదు. నేను వాతావరణం గురించి మాట్లాడాను. రోడ్ల గురించి మాట్లాడాను. గళ్ళన్నీ మళ్ళీ మొదట్నుంచీ వెతికాను. అప్పుడొచ్చింది ఫ్రిజ్ మూలుగు.

"లవాన్, ఉన్నావా?" అన్నాను.

"ఉన్నా ఆర్డిత్" అంది లవాన్. ఆ మూడేళ్ళలో ఆ గళ్ళలోంచి వినపడ్డ మొదటి గొంతు అది. రాజధాని నుంచి తెర మీదున్న కెల్లెన్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"నాకెందుకో ఇవాళ పొద్దుట్నుంచీ ఐలీనే గుర్తొస్తోందే."

"నాకూ అంతే. నిన్న బస్సు హారన్ వినపడితే, ఐలీన్ వచ్చిందనుకుని పుస్తకాల సంచీ కోసం పరిగెత్తబోయాను. యాభయ్యేళ్ళు వెనక్కి పోయానే!"

నవ్వుకున్నాం. ఐలీన్ బస్సులో ఎల్డన్‌ని డ్రైవరు సీటు పక్కన నిలబెట్టి ఊరంతా తిప్పిన సంగతి చెప్పుకున్నాం. ఎల్డన్ ఇంజను ఆగిపోయింది, బాగా వినడానికి కాబోలు. ఐలీన్ చేతి కేకులు, ఐలీన్ పేకాటలో చేసే మోసాలు. పక్కవాళ్ళ గురించి చాడీలు చెప్పుకున్నట్టే చెప్పుకున్నాం, ఎవరో వింటున్నారన్న ధ్యాస లేనట్టు.

"అన్నిటికంటే ఆ పెళ్ళి మాట ఉంది చూడు!" అంది లవాన్. "ఆ ఏడు మంచుకి రోడ్లన్నీ మూసుకుపోయాయి. వెర్డెల్ పాపం ఎన్ని వారాలైందో ఐలీన్ మొహం చూసి. ఇక ఉండబట్టలేక ఫోను తిప్పాడు. ఐలీన్‌వాళ్ళ రింగు మోగింది. ఊరంతా ఎత్తింది. నేనూ ఎత్తాను, ఒప్పుకుంటున్నా, ఏం చేసుకుంటారో చేసుకోండి."

మా ఊళ్ళో అలా ఒప్పుకున్న మొదటి మనిషి లవాన్.

"నేనూ ఎత్తాను. మా అమ్మ చెవీ నా చెవీ ఒకే రిసీవరుకి" అన్నాను.

"'ఐలీన్, నన్ను పెళ్ళి చేసుకుంటావా?' అన్నాడు. అంతే. ఎంతమంది ఎత్తారోగానీ తీగలో ప్రాణం లేదు. ఆమె జవాబు వినపడదే! వెర్డెల్ 'హలో, హలో' అని అరుస్తున్నాడు. అప్పుడు మీ అమ్మ అందుకుని, 'సరే అంటోంది బాబూ, సరే అంది!' అని అరిచింది. అదీ వాళ్ళ పెళ్ళి. ఐలీన్ సరే అన్న మాట మీ అమ్మ ఒక్కతే విన్నది."

"సరే అనలేదు."

ఎవరిదో గొంతు. బొంగురుగా, వాడక వాడక తుప్పుపట్టినట్టుంది. లవాన్ ఆగిపోయింది. వెనక ఫ్రిజ్ మూలుగు.

"ఆమె సరే అనలేదు" అన్నాడు వెర్డెల్ మళ్ళీ. "మీరు తప్పు చెప్తున్నారు. ఐలీన్ అసలేమీ అనలేదు. సిగ్గుతో నోరు పెగల్లేదట. మీ అమ్మే అనేసింది, ఆర్డిత్. పెళ్ళయ్యాక చెప్పింది నాకు. ఎప్పుడు పోట్లాడుకున్నా అదే మాట. 'నిన్ను చేసుకుంటానని నేనెప్పుడన్నాను? ఆర్డిత్‌వాళ్ళమ్మ అంది. వెళ్ళి ఆవిడతో కాపురం చెయ్యి' అనేది."

ఎవరింట్లోనో ఆపుకోలేని నవ్వు వినపడింది. మా అమ్మ నిజంగా వినలేదని నాకు ఆ రోజే తెలిసింది. నా చెవి పక్కనే చెవి పెట్టుకుని, అంత ధైర్యంగా ఎలా అబద్ధమాడావే అమ్మా అనుకున్నాను.

"యాభై ఏళ్ళు అడిగాను" అన్నాడు వెర్డెల్. "ప్రతి పెళ్ళిరోజుకీ అడిగేవాణ్ణి, ఇప్పుడైనా సరే అంటావా అని. 'ఇంకా ఆలోచిస్తున్నా' అనేది. మా ఇద్దరికీ అదో ఆట."

ఆగాడు. కుర్చీ లాక్కున్న చప్పుడు వినపడింది.

"నవంబర్లో, ఆస్పత్రిలో, ఆఖరి రోజు. నేనేం అడగలేదు. నా చెయ్యి పట్టుకుని, 'సరే, వెర్డెల్' అంది."

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. లవాన్ ముక్కు చీదింది. ఇంకా ఎవరెవరో. అన్ని గళ్ళలోంచీ ఏవేవో చిన్న చిన్న చప్పుళ్ళు. ఆ చప్పుళ్ళు నాకు ఎంత తెలిసినవో! ఎన్నేళ్ళైంది అవి విని! మా రోడ్డంతా మళ్ళీ ఒకే తీగ మీద ఉంది.

"ఆర్డిత్."

"ఉన్నాను వెర్డెల్."

"నాకు బాగాలేదు."

అంతే అన్నాడు. నర్సుగా నేను తిరిగిన ఇన్నేళ్ళలో, మా వైపు మగాడి నోట ఆ మాట వినలేదు. కాళ్ళు విరిగినవాళ్ళు అనలేదు, గుండె పట్టుకుని కూలబడ్డవాళ్ళు అనలేదు.

"కాఫీ పెట్టు, వస్తున్నా" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

టక్కుమని ఓ గడి ఆరిపోయింది. ఇంకోటి. మరోటి. చూస్తుండగానే సగం గళ్ళు ఆరిపోయాయి.

"అందరూ వెళ్ళిపోతున్నారండీ!" కెల్లెన్ కంగారుపడ్డాడు. "ఇబ్బందిపడ్డట్టున్నారు. డాక్టరమ్మ ఇంకా మాట్లాడనే లేదు."

"వెళ్ళిపోవట్లేదు నాయనా, బూట్లు తొడుక్కుంటున్నారు" అన్నాను, కోటు వెతుక్కుంటూ. సభ ముగించకుండానే బయల్దేరాను. ఆ తర్వాత తెలిసింది, డాక్టరమ్మ తను చెప్పాల్సింది చెప్పడం మానేసి, మిగిలినవాళ్ళతో చాలాసేపు కూర్చుని వాళ్ళు చెప్పేది విందట. ఆ రోజు మాట్లాడారట మావాళ్ళు. సభ ఇంకో రెండేళ్ళు నడిచింది.

నేను వెళ్ళేసరికి వెర్డెల్ వాకిట్లో నాకంటే ముందే ఎల్డన్ పికప్పు ఉంది. దాని వెనక ఇంకో నాలుగైదు. లోపల ఎల్డన్ కుర్చీలో సర్దుక్కూర్చుని, "ఏమయ్యా వెర్డెల్, నువ్విచ్చిన పనిముట్లలో పెద్ద రెంచీ లేదేమిటా అని వచ్చాను" అంటున్నాడు. ఆ రెంచీ వాడి పికప్పులోనే ఉందని నాకు తెలుసు. లవాన్ పిండి ముద్దలు వేసిన దుంపల సూపు పెద్ద గిన్నెడు తెచ్చి, "పొరపాట్న ఎక్కువ కాచేశాను" అంది. ఇంకొకాయన దారి తప్పి వచ్చానన్నాడు. పుట్టినప్పట్నుంచీ ఈ రోడ్డు మీదే ఉన్న మనిషి! ఒక్కరైనా సభ మాటెత్తలేదు. ఐలీన్ మాటెత్తలేదు. సూపు తాగారు, పేకముక్కలు తీశారు, ఎప్పుడు మంచు కరుగుతుందో వాదించుకున్నారు. వెర్డెల్ అందరికీ కాఫీ పోస్తూ తిరిగాడు. మొహం పాలిపోయి ఉంది. కానీ కప్పు చేతికిచ్చేటప్పుడు మనిషి కళ్ళలోకి చూస్తున్నాడు.

వాళ్ళ మీద నాకు అప్పుడొచ్చినంత ప్రేమ ఇంకెప్పుడూ రాలేదు. ఒక్కొక్కర్నీ పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకుంటే హడలి చచ్చేవాళ్ళు.

కాసేపయ్యాక వెర్డెల్ నన్ను వెనక వసారాలోకి రమ్మని సైగ చేశాడు. అక్కడ గోడకి కొయ్య మీద తుపాకీ ఉంది, జింకల వేటకి వాడేది. దాన్ని దింపాడు. తూటాల పెట్టె బీరువా పైనుంచి తీశాడు. రెండూ నా చేతుల్లో పెట్టాడు.

"మీ ఇంట్లో ఉంచు" అన్నాడు.

మాట్లాడకుండా తీసుకెళ్ళి కారు వెనక పెట్టి తాళం వేశాను. తిరిగొచ్చేసరికి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, ఖాళీ కొయ్యవైపు చూస్తూ.

"ఆ రోజు ఓ మాట అడిగావు కదా" అన్నాడు.

"అడిగాను."

"అవును. అనిపిస్తోంది."

అతని మోచెయ్యి పట్టుకున్నాను. లోపల్నుంచి ఎల్డన్ నవ్వు వినపడింది, ఎవర్నో పేకాటలో మోసం చేసినట్టున్నాడు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేను తీసుకెళ్తా" అన్నాను.

రోడ్డు బాగాలేదంటాడేమో అని చూశాను. చూద్దాంలే అంటాడేమో అని చూశాను. వెర్డెల్ జేబులోంచి చేతిరుమాలు తీసి, నిదానంగా మొహం తుడుచుకున్నాడు.

"ఎన్నింటికి?" అని అడిగాడు.